పాత కుక్క పోయాక ఇంటికి కొత్త కుక్క: తరచుగా అడిగే ప్రశ్నలు

పన్నెండేళ్లో పదేళ్లో ఇంట్లో మనిషిలా తిరిగిన కుక్క పోయాక, మళ్లీ ఒకదాన్ని తెచ్చుకోవాలా వద్దా అని ఊగిసలాడే కుటుంబాల కోసం ఇది. మనసు సిద్ధంగా ఉందా అని అందరూ అడుగుతారు. ఇల్లు సిద్ధంగా ఉందా అని అడిగేవాళ్లు తక్కువ. కొత్తగా వచ్చిన కుక్కపిల్లలు చాలావరకు జబ్బు పడేది ఈ రెండో ప్రశ్న అడగని ఇళ్లలోనే.

ఎన్నాళ్లు ఆగి తెచ్చుకోవాలి?

దీనికి లెక్కంటూ లేదు. నెల తిరక్కుండానే తెచ్చుకుని సంతోషంగా ఉన్న ఇళ్లున్నాయి, రెండేళ్లయినా మనసొప్పని ఇళ్లూ ఉన్నాయి. రెండూ తప్పు కాదు. పాత కుక్క తిన్న స్టీలు పళ్లెం ఇంకో కుక్క ముందు పెడుతున్నట్టు ఒకసారి ఊహించుకోండి. కళ్లు చెమరిస్తే ఫర్వాలేదు. కోపం వస్తే మాత్రం ఇంకొన్నాళ్లు ఆగండి.

తొందర ఎక్కడ బెడిసికొడుతుందంటే, ఇల్లు బోసిపోయిందని వారంలోపే అదే జాతి, అదే రంగు పిల్లను తెచ్చినప్పుడు. పెద్దకుక్కకు ఏళ్ల మీద వచ్చిన నెమ్మది రెండు నెలల పిల్లలో వెతుకుతారు. పిల్ల చెప్పులు కొరుకుతుంది, రాత్రంతా ఏడుస్తుంది, నాలుగుచోట్ల ఉచ్చ పోస్తుంది. "అది ఇలా చేసేది కాదు" అంటారు. అదీ చేసింది, పన్నెండేళ్ల కిందట. ఈ మాట ఇంట్లో వినబడుతోందంటే పిల్లను కాదు, పోయినదాన్నే ఇంకా పిలుస్తున్నారని అర్థం.

జబ్బుతో పోయి ఉంటే ఆగాల్సిన గడువును మనసు కాదు, జబ్బే చెబుతుంది.

మా ఇంటికి కుక్క అచ్చిరావడం లేదు. వరసగా రెండు పిల్లలు పోయాయి. మళ్లీ తేవచ్చా?

ఈ ప్రశ్నే ఎక్కువగా వస్తుంది. అడిగేవాళ్ల బాధ నిజమైనదే, కానీ కారణం జాతకంలోనో వాస్తులోనో లేదు. నాలుగు నెలల లోపు పిల్లలు వాంతులు, కంపుకొట్టే నెత్తుటి విరేచనాలతో నాలుగైదు రోజుల్లో పోయాయంటే, మొదట అనుమానించాల్సింది పార్వో వైరస్‌ను. నేల మీద, తలుపు అంచుల్లో, గోనెపట్టా మీద, పెరటి మట్టిలో అది నెలల తరబడి బతుకుతుంది. నీడగా, తడిగా ఉండే చోట ఏడాది దాకా ఉండగలదు. మొదటి పిల్ల పోయిన నెలకే అదే పట్టా మీద రెండోదాన్ని పడుకోబెట్టారు. అచ్చిరాకపోవడమంటే అదే.

ఫినాయిల్‌తో తుడిస్తే పార్వో పోదు. డెట్టాల్‌తోనూ పోదు. దానికి క్లోరిన్ కావాలి. చేసే పద్ధతి ఇది:

1. పిల్ల వాడిన గుడ్డ, పట్టా, మెత్తటి బొమ్మలు, చెక్క సామాను మీద మోజు పెట్టుకోకండి, తగలబెట్టేయండి. స్టీలు పళ్లేలు ఉంచుకోవచ్చు.
2. నేలను ముందు సబ్బునీళ్లతో గీకి కడగండి. మలం, జిడ్డు, వెంట్రుకలు మిగిలి ఉంటే క్లోరిన్ వాటి మీదే ఖర్చయిపోతుంది, వైరస్ దాకా వెళ్లదు. మందు పనిచేయలేదని చెప్పే ఇళ్లలో సాధారణంగా జరిగే పొరపాటు ఇదే.
3. తర్వాత లీటరు నీళ్లకు 35 మిల్లీలీటర్ల ఇంటి బ్లీచ్ ద్రావణం కలపండి. బ్లీచింగ్ పౌడర్ అయితే కొత్తగా తెరిచిన ప్యాకెట్‌లోంచి లీటరుకు 6 నుంచి 7 గ్రాములు. గాలి తగిలి గడ్డకట్టిన పాత పౌడర్‌లో బలం ఉండదు.
4. నేల పది నిమిషాలు తడిగానే ఉండాలి. ఆరిపోతుంటే మళ్లీ పోయండి. ఆ తర్వాత మంచినీళ్లతో కడగండి.
5. కిటికీలు తెరిచే చేయండి. బాత్‌రూం కడిగే యాసిడ్‌ను దీంట్లో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. కలిపిన నీళ్లు ఆ రోజుకే, మర్నాటికి దాచొద్దు.

మట్టి వాకిలిని, పెరటిని ఇలా శుద్ధి చేయడం కుదరదు. అక్కడ ఎండే మందు. పొదలు కొట్టేసి ఎండ తగలనివ్వండి. పెరడున్న ఇంట్లోకి ఏడాదిలోపు చిన్నపిల్లను తేవద్దనే మా సలహా. అంతకాలం ఆగలేకపోతే టీకాలన్నీ పూర్తయిన, ఏడాది దాటిన కుక్కను తెచ్చుకోండి. అది ఆ ఇంట్లో క్షేమంగానే ఉంటుంది.

పార్వో కాదు, వేరే జబ్బుతో పోయింది. అప్పుడు?

డిస్టెంపర్ వైరస్ చూడ్డానికి భయంకరమైన జబ్బు తెస్తుంది కానీ, ఒంటి బయట బలహీనమైనది. సబ్బునీళ్లకు, ఎండకు చచ్చిపోతుంది. ఇల్లు కడిగి రెండు మూడు వారాలు ఆగితే చాలు. ఒక్క మెలిక ఉంది: అదే జబ్బు వచ్చి కోలుకున్న ఇంకో కుక్క ఇంట్లో ఉంటే, అది రెండు మూడు నెలల పాటు వైరస్‌ను వదులుతూ ఉండవచ్చు.

ఎలుకల ఉచ్చ వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్‌తో పోతే ఎలుకల సంగతి ముందు చూడాలి. నీళ్లు నిలిచే చోటు పూడ్చాలి. ఇది మనుషులకూ సోకుతుంది, కడిగేటప్పుడు గ్లౌజులు వేసుకోండి.

పోయేముందు కుక్క నీళ్లు మింగలేక చొంగ కార్చడం, దవడ వేలాడేయడం, కారణం లేకుండా కరవడం లాంటివి చేసి ఉంటే రేబిస్ అనుమానించాలి. అప్పుడు కొత్త కుక్క మాట పక్కన పెట్టి, దాని చొంగ గాయాలకో గీతలకో తగిలినవాళ్లంతా ఈ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. గాయాన్ని పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో టీకా ఉచితంగా వేస్తారు. రేబిస్ వైరస్ నేల మీద ఎక్కువసేపు బతకదు కాబట్టి ఇంటికి మామూలు శుభ్రం సరిపోతుంది.

కిడ్నీలు పాడయ్యో, గుండెజబ్బుతోనో, వయసు మీదపడో పోతే ఇల్లు కడగాల్సిన పనే లేదు.

గోమార్ల జ్వరంతో పోయింది. ఇల్లంతా మందు కొట్టించాం. ఇక భయం లేదా?

ఒక్కసారి కొట్టిస్తే సరిపోదు. గోమార్లు, కొన్నిచోట్ల పిడుదులంటారు, కుక్క ఒంటి మీద కనబడేవి కొన్నే. మిగతావి గోడ పగుళ్లలో, గుమ్మం చెక్కల సందుల్లో, మంచం కోళ్ల దగ్గర ఉంటాయి. రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారి కుక్క మీంచి రాలిపోయి, గోడ ఎక్కి పగులులో దూరి వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. పెద్ద గోమారి తిండి లేకుండా నెలల తరబడి కాచుకుని ఉండగలదు. కుక్క పోయి ఆరు నెలలు ఖాళీగా ఉన్న ఇంట్లోనూ అవి ఉండవచ్చు.

టార్చిలైటు పట్టుకుని కుక్క పడుకునే చోట నేల నుంచి నడుమెత్తు వరకు గోడ చూడండి. పగుళ్లను సిమెంటుతోనో పుట్టీతోనో పూడ్చండి. పెస్ట్ కంట్రోల్ వాళ్లతో మందు కొట్టించి, రెండు మూడు వారాల తేడాతో మళ్లీ ఒకటి రెండుసార్లు కొట్టించాలి, ఎందుకంటే మొదటి మందు గుడ్లను చంపదు. మందు పూర్తిగా ఆరేదాకా పిల్లల్ని, కుక్కను అటు పోనివ్వొద్దు. పిల్లి ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి, కొన్ని మందులు పిల్లులకు విషం.

కొత్త కుక్క రాగానే బరువు తూయించి, డాక్టరు చెప్పిన గోమార్ల మాత్ర మొదలుపెట్టండి. నెలకు ఒకటి వేసేవి, మూడు నెలలకు ఒకటి వేసేవి ఉన్నాయి. రోజూ కాలివేళ్ల సందులు, చెవి లోపల, మెడపట్టీ కింద, గజ్జల్లో తడిమి చూడండి. దొరికినదాన్ని చర్మానికి ఆనించి పట్టకారుతో తిన్నగా లాగి స్పిరిట్‌లో వేయండి, గోళ్లతో చిదమొద్దు.

తిండి మానేసి, ఒళ్లు కాలుతూ, చిగుళ్లు పాలిపోతే అదే రోజు రక్తపరీక్ష చేయించండి, ప్లేట్‌లెట్లు చూడమనండి. ముక్కులోంచి నెత్తురు, పొట్ట మీద ఎర్రచుక్కలు, కాఫీరంగు ఉచ్చ ప్రమాద సూచనలు. ఎర్లిషియా, అంటే గోమార్ల వల్ల సోకే జ్వరం, అని తేలితే డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు రాస్తారు. ఐదోరోజుకల్లా కుక్క గంతులేస్తుంది, పదోరోజుకు మందు ఆపేస్తారు, కొన్ని నెలలకు జబ్బు తిరగబెడుతుంది. 28 అంటే 28.

పిల్లనా, పెద్దదా? జాతికుక్కా, మన ఊరకుక్కా?

పిల్లంటే మొదటి మూడు నెలలు ఇంట్లో ఒక మనిషి పూర్తిగా దానితోనే ఉండాలి. ఆ మనిషి లేని ఇంటికి రెండేళ్లు దాటిన కుక్క మేలు. దాని స్వభావం అప్పటికే తేలిపోయి ఉంటుంది. మీరు చూసిందే మీకు దొరుకుతుంది.

ఊరకుక్క మన ఎండకు పుట్టింది. రెంటచింతల, రామగుండం ఎండల్లో హస్కీని, సెయింట్ బెర్నార్డ్‌ను పెంచడమంటే దాన్ని ఏడాదిలో నాలుగు నెలలు ఏసీ గదిలో ఖైదు చేయడమే. పగ్‌లాంటి చప్పిడిముక్కు కుక్కలకు ఉక్కపోతలో ఊపిరి అందదు. జాతికుక్కే కావాలంటే మన కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందలు కాసిన జోనంగిని చూడండి. పొట్టి వెంట్రుకలు, సన్నటి ఒళ్లు, వేడిని తట్టుకుంటుంది. గోతులు తవ్వడం మాత్రం దాని రక్తంలోనే ఉంది, పూలమొక్కల మీద ఆశ వదులుకోవాలి.

దత్తతకు హైదరాబాద్‌లో బ్లూ క్రాస్, విశాఖలో విశాఖ ఎస్‌పీసీఏ లాంటి సంస్థలున్నాయి. కనీసం రెండుసార్లు వెళ్లి చూడండి, రెండోసారి ఇంటిల్లిపాదీ వెళ్లండి. కొనేటట్టయితే, 2017 కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, పెంచి అమ్మేవాళ్లకు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. తల్లిని చూపించమని అడగండి. చూపించనంటే వెనక్కి వచ్చేయండి.

మేం అమెరికాలో ఉంటాం. ఊళ్లో అమ్మానాన్నల దగ్గరున్న కుక్క పోయింది. వాళ్లు దిగులుగా ఉన్నారని ఒక పిల్లను పంపిద్దామనుకుంటున్నాం.

చెప్పకుండా పంపించకండి. డెబ్బై ఏళ్ల నాన్నకు రెండు నెలల లాబ్రడార్ కానుక కాదు, బరువు. ఏడాది తిరిగేసరికి 30 కిలోల కుక్క తాడు లాగితే ఆయన తుంటి విరుగుతుంది. ముందు ఫోన్ చేసి "మళ్లీ ఒకటి ఉంటే బాగుంటుందా నాన్నా?" అని అడగండి. మొదటిసారి "ఎందుకురా, మళ్లీ ఆ బాధ" అనే అంటారు. నెల ఆగి మళ్లీ అడగండి.

ఒప్పుకుంటే నాలుగైదేళ్ల వయసున్న, 15 కిలోల లోపు, నెమ్మదైన కుక్కను వాళ్లే ఎంచుకోనివ్వండి. మీరు ఇవ్వాల్సింది మిగతా ఏర్పాటు: ఇంటికొచ్చే పశువుల డాక్టరు ఫోన్ నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో, నెల తిండి ఖర్చు, పొద్దున నడిపించడానికి వీధిలో ఒక కుర్రాడు. అన్నిటికన్నా ముందు, వాళ్లు ఆసుపత్రి పాలైతే కుక్కను ఎవరు చూసుకుంటారో పేరుతో సహా తేల్చుకోండి.

రెండు కుక్కల్లో ఒకటి పోయింది. మిగిలింది బెంగపెట్టుకుంది. తోడు తెస్తే కోలుకుంటుందా?

వెంటనే వద్దు. బెంగపడ్డ కుక్క గేటు దగ్గరే పడుకుంటుంది, పోయినదాని చోటు వాసన చూస్తుంది, తిండి తగ్గిస్తుంది. రెండు రోజులు ఏమీ ముట్టకపోతే అది బెంగే అనుకోకుండా డాక్టరుకు చూపించండి, రెంటికీ ఒకే జబ్బు సోకి ఉండవచ్చు. వేళకు తిండి, వేళకు నడక తప్పనివ్వకండి. తిండి, నిద్ర మామూలుకు వచ్చాకే ఇంకోదాన్ని ఆలోచించండి. ముసలిది, కీళ్లనొప్పులున్నదైతే ఎగిరి మీదపడే పిల్ల దానికి శిక్షే.

పరిచయం ఇంట్లో కాదు, బయట చేయాలి. ఇద్దరు మనుషులు, రెండు తాళ్లు. పది పదిహేను అడుగుల ఎడంగా ఒకే దిక్కుకు ఇరవై నిమిషాలు నడవండి. తాడు వదులుగా ఉండాలి, బిగిస్తే ఆ బిగువు కుక్కకు తెలిసిపోతుంది. రెండూ నేల వాసన చూస్తూ మామూలుగా నడుస్తుంటే దగ్గరికి రండి, మూడు సెకన్లు వాసన చూడనిచ్చి పిలవండి. ఒళ్లు కర్రలా బిగుసుకుని కళ్లార్పకుండా చూస్తుంటే దూరం పెంచండి. టీకాలు పూర్తికాని పిల్లైతే రోడ్డు మీద కాకుండా డాబా మీద చేయండి.

ఇంట్లోకి తెచ్చేముందు ఇంట్లో ఉన్న కుక్క పళ్లెం, బొమ్మలు, పట్టా తీసేయండి. తిండి వేరు వేరు గదుల్లో. మొదటి రెండు వారాలు మనిషి లేకుండా రెంటినీ ఒకచోట వదలొద్దు. ఇంట్లో ఉన్నది గుర్రుమంటే తిట్టకండి. "జరుగు" అని చెబుతోంది, అంతే. ఆ మాట కూడా చెప్పనివ్వకపోతే తర్వాత చెప్పకుండానే కరుస్తుంది.

పిల్లలకు ఏం చెప్పాలి?

చనిపోయిందనే చెప్పండి. "నిద్రపోయింది" అంటే చిన్నపిల్లలకు నిద్రంటేనే భయం పట్టుకోవచ్చు. "ఊరెళ్లింది" అంటే రోజూ గేటు దగ్గర చూస్తారు. కొత్తది వచ్చాక "పాతదే మళ్లీ పుట్టి వచ్చింది" అనీ చెప్పొద్దు, దాని ప్రతి చేష్టలో పాతదాన్ని వెతికి నిరాశపడతారు. నీళ్లగిన్నె నింపడం లాంటి ఒక పని పిల్లలకు అప్పజెప్పండి. పదేళ్ల లోపు పిల్లల్ని కొత్త కుక్కతో ఒంటరిగా వదలకండి.

పాతదాని పట్టీ, పళ్లెం, పేరు వాడుకోవచ్చా?

అంటుజబ్బు కాకపోతే పళ్లెం, గొలుసు కడిగి వాడుకోవచ్చు. తలుపు వెనక మేకుకు వేలాడే పట్టీ, దాని బకిల్‌లో చిక్కిన రెండు వెంట్రుకలు, అవి మాత్రం అలాగే ఉంచుకోండి, కొత్తదానికి కొత్త పట్టీ కొనండి. పేరూ కొత్తదే పెట్టండి. పాత పేరుతో పిలిచిన ప్రతిసారీ ఇంట్లో ఎవరో ఒకరి గొంతు మారుతుంది, కుక్క ఆ మార్పును పట్టేస్తుంది. రెండక్షరాల పేరైతే త్వరగా అందుకుంటుంది.

పాతది ఉచ్చపోసిన మూలలుంటే రెండు భాగాల నీళ్లకు ఒక భాగం వెనిగర్ కలిపి కడగండి. వాసన మిగిలితే కొత్తదీ అక్కడే పోస్తుంది.

మొదటి రోజు ఎలా గడపాలి?

దీపావళికి ముందు పది రోజుల్లో, పెళ్లో గృహప్రవేశమో ఉన్న వారంలో తేవద్దు. వీలైతే శుక్రవారం పొద్దున తెండి, రెండు మూడు రోజులు ఇంట్లోనే ఉండొచ్చు.

కారు దిగగానే లోపలికి కాదు, ఉచ్చపోసే చోటికి తీసుకెళ్లండి. పోశాకే గుమ్మం దాటించండి. ఇల్లంతా చూపించకండి, ఒక గది చాలు. నీళ్లు, పట్టా, దాని పాత చోటు నుంచి తెచ్చిన ఒక గుడ్డ. చుట్టాలను, ఇరుగుపొరుగును వారం తర్వాత రమ్మనండి. బల్లకింద దూరితే దూరనివ్వండి, బయటికి లాగొద్దు. రాత్రి మీ మంచం పక్కనే పడుకోబెట్టండి. వరండాలో కట్టేస్తే ఏడుపు రెండింతలవుతుంది.

కొత్త కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా మొదటి వారంలోనే. పాలవాడికి తలుపు తీసినప్పుడు సందులోంచి తుర్రుమంటుంది, ఇల్లు ఇంకా గుర్తుండదు కాబట్టి తిరిగి రాలేదు. ఫోన్ నంబరు చెక్కిన బిళ్ల మొదటి గంటలోనే పట్టీకి తగిలించండి. బాల్కనీ గ్రిల్లులో పిల్ల తల పట్టే సందుంటే వల కట్టించండి.

పెద్దకుక్కల విషయంలో మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెబుతారు: బెరుకు తగ్గడానికి, ఇంటి పద్ధతి తెలియడానికి, ఇది నా ఇల్లు అనుకోవడానికి. అటూ ఇటూ అయినా పెద్ద తేడా ఉండదు. పిల్ల ఉచ్చ ఆపుకోగలిగేది సుమారుగా దాని నెలల వయసుకు ఒక గంట కలిపినంత. అంటే రెండు నెలల పిల్లకు మూడు గంటలు. నిద్రలేచాక, తిన్నాక, ఆడాక తప్పకుండా బయటికి.

టీకాలు వేశారని కార్డు ఇచ్చారు. నమ్మవచ్చా?

కార్డులో మందుసీసా స్టిక్కరు, బ్యాచ్ నంబరు, డాక్టరు సంతకం, తేదీ ఉన్నాయేమో చూడండి. చేత్తో "సెవెన్ ఇన్ వన్ (కలిపి వేసే టీకా) వేశాం" అని రాసి ఉంటే వేయనట్టే లెక్క. టీకాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, సంచిలో తిప్పిన సీసా నీళ్లతో సమానం.

పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాలకు మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేయించాలి. ఇన్నిసార్లు ఎందుకంటే తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ టీకాను పనిచేయనివ్వదు, అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది. మొదటిది వేయించి ధైర్యంగా రోడ్డు మీద తిప్పిన పిల్లలు పార్వో బారిన పడవచ్చు. చివరి డోసు తర్వాత రెండు వారాలకే రోడ్డు. రేబిస్ టీకా మూడు నెలలకు, తర్వాత డాక్టరు చెప్పిన వరుసలో ఏటా. కడుపు పురుగుల మందు మూడు నెలల వరకు రెండు వారాలకోసారి, ఆరు నెలల వరకు నెలకోసారి.

పాతది పెరుగన్నం తిని పన్నెండేళ్లు బతికింది. దీనికీ అదే పెట్టవచ్చా?

ఒక్క పెరుగన్నమే అయితే ఎదిగే పిల్లకు మాంసకృత్తులు, కాల్షియం చాలవు, కాళ్లు వంకరపోతాయి. మొదటి ఏడాది కుక్కపిల్లల తిండి పెట్టండి, పెరుగన్నం పక్కన కొంచెం. అది తెచ్చిన చోట తింటున్న తిండిని వెంటనే మార్చకండి: పావు వంతు కొత్తది రెండు రోజులు, సగం రెండు రోజులు, ముప్పావు రెండు రోజులు, ఆపై మొత్తం. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర, చాక్లెట్, ఉడికించిన ఎముకలు వద్దు. చక్కెర పొంగలిలో, పాయసంలో కిస్మిస్ ఉంటుంది. ప్రసాదమే కదా అని పెట్టకండి, ద్రాక్ష ఎండినా కుక్క కిడ్నీలను దెబ్బతీస్తుంది.

పాతది ఉన్నప్పుడు ఊరుకున్న అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కొత్తది వద్దంటోంది.

భారత జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాల ప్రకారం పెంపుడు కుక్కను నిషేధించే అధికారం అసోసియేషన్‌కు లేదు. తాడు లేకుండా తిప్పకపోవడం, మలం ఎత్తేయడం మీ బాధ్యత. హైదరాబాద్‌లో కార్పొరేషన్ దగ్గర నమోదు చేయించి, రేబిస్ టీకా పత్రంతో పాటు ఆ కాపీని అసోసియేషన్‌కు ఇవ్వండి. కాగితం చూశాక చాలా గొడవలు చల్లబడతాయి.

తెచ్చి నెల దాటింది. దాని మీద ప్రేమ పుట్టడం లేదు. ద్రోహం చేస్తున్నట్టుంది.

ఇలా అనిపించేవాళ్లు చాలామంది ఉన్నారు, బయటికి చెప్పరు. వేళకు తిండి పెడుతున్నారు, టీకాలు వేయిస్తున్నారు, నడిపిస్తున్నారు కదా. కుక్కకు ఈ నెలలో కావలసింది అదే, అది అందుతోంది. పాతదాన్ని తిప్పిన దారిలో కాకుండా వేరే వీధిలో నడిపించండి. పాతదానికి రాని ఒక పని, పడుకోమంటే పడుకోవడమో, బంతి తెచ్చివ్వడమో, రోజుకు ఐదు నిమిషాలు నేర్పండి. పాతది పడుకున్న మూలనే దీన్నీ పడుకోబెట్టకండి, తనకు నచ్చిన చోటు తననే ఎంచుకోనివ్వండి.

మూడు నెలలకూ ఏమీ మారకపోతే, దాన్ని చూస్తేనే చిరాకొస్తుంటే, తెచ్చిన సంస్థతో మాట్లాడండి. వాళ్లు వేరే ఇల్లు చూస్తారు, అందులో తప్పేమీ లేదు. వీధిలో మాత్రం వదిలిపెట్టకండి. ఇంట్లో పెరిగిన కుక్క అక్కడ బతకలేదు.